పనసతొనకు ముళ్ల తొక్క

అమెరికాలో ఏదో ఒక ఊళ్లో ఇనప సామాన్ల టోకు గోదాము ఉందనుకోండి. కౌంటరు వెనక పాతికేళ్లుగా అదే కుర్చీలో కూర్చుంటున్న గుమాస్తా. ఆమె ఎదురుగా నల్లటి తెర, దాని మీద ఆకుపచ్చ అక్షరాలు. బొమ్మలు లేవు, మౌసుతో పని లేదు. ఫోనులో కొనుగోలుదారు మాట్లాడుతూ ఉండగానే ఆమె వేళ్లు కదులుతాయి. మెనూలో 3, ఎంటర్. ఖాతా నంబరు, ఎంటర్. సరుకు కోడు, టాబ్, ఎన్ని కావాలో ఆ అంకె, ఎంటర్. తరవాతి తెర ఇంకా రాకముందే అందులో నింపాల్సింది టైపు చేసేసి ఉంటుంది. కీబోర్డు దాన్ని దాచుకుని తెర వచ్చాక అందిస్తుంది. ఫోను పెట్టేలోపు ఆర్డరు పూర్తి. పక్కన నిలబడ్డ కొత్త కుర్రాడు మాత్రం ఆ తెర వంక మ్యూజియంలో బల్లెం వంక చూసినట్టు చూస్తాడు.

కుర్రాడి చూపును తప్పుపట్టలేం. ఆ తెర తీరు నిజంగానే 1970ల నాటిది. కానీ తీగ పట్టుకుని వెనక్కి వెళితే గోదాము గదిలో కనిపించే పెట్టె నిరుడు కొన్నదై ఉండవచ్చు. అందులో ఇప్పటి పవర్ ప్రాసెసరు, ఫ్లాష్ నిల్వ ఉంటాయి. ఆ పెట్టె మీద నడిచే నిర్వహణ వ్యవస్థ (ఆపరేటింగ్ సిస్టమ్) పేరు ఐబీఎం ఐ. దాని 7.6 వెర్షన్ 2025లో వచ్చింది. అయినా ఆ గోదాములో ఎవరినడిగినా దాన్ని 1988 నాటి పేరుతోనే పిలుస్తారు: ఏఎస్/400.

లోపల ఇన్నిసార్లు కొత్తదైన యంత్రం పైకి ఎందుకు పాతబడింది? ఆ పాత ముద్ర చెరపడానికి ఏం చేశారు, ఏది ఫలించింది? ఈ అధ్యాయం దాని గురించే.

మొక్కజొన్న ఊరు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రోచెస్టర్ అనే ఊరుంది. మేయో క్లినిక్ వల్ల దానికి పేరొచ్చింది. మొక్కజొన్న పొత్తు ఆకారంలో కట్టిన నీళ్ల ట్యాంకు ఒకటి 1931 నుంచి అక్కడ నిలబడి ఉంది. చుట్టూ పొలాలున్న ఆ ఊళ్లో, ఈరో సారినెన్ గీసిన నమూనాతో ఐబీఎం ఒక నీలిరంగు భవనం కట్టి 1958లో ప్రారంభించింది. కంపెనీ ముఖ్య కార్యాలయం న్యూయార్క్ రాష్ట్రంలో. కంపెనీ చూపంతా మెయిన్‌ఫ్రేములు అనే మహాయంత్రాల మీదే. రోచెస్టర్ వాళ్లకు దక్కింది చిన్న, మధ్యతరహా వ్యాపారాల కోసం యంత్రాలు చేసే పని.

చిన్న వ్యాపారి అవసరం వేరు. అతని దగ్గర కంప్యూటర్ల కోసం ప్రత్యేకంగా ఒక విభాగం ఉండదు. డేటాబేసు కాపాడేందుకు ఒకరు, భద్రతకు ఒకరు, నెట్‌వర్కుకు ఒకరు అని జీతాలివ్వలేడు. పెట్టె తెచ్చి గోడకు తగిలిస్తే బిల్లులు కొట్టాలి, జీతాల లెక్క చూడాలి, సరుకు ఎంతుందో చెప్పాలి. 1969 నాటి సిస్టమ్/3తో మొదలైన ఈ వంశంలో 1978లో సిస్టమ్/38ను, 1983లో సిస్టమ్/36ను ప్రకటించారు. /36 వాడటానికి సులువు, జనాదరణ దానికే. /38 తెలివైనది, కానీ ఖరీదు. ఒకదాని ప్రోగ్రాము రెండోదాని మీద నడవదు. వీటితో సహా కంపెనీలోని చిన్న యంత్రాలన్నిటినీ ఒక్కటి చేద్దామని ఫోర్ట్ నాక్స్ అనే పథకం పెట్టారు. అది మధ్యలోనే కూలిపోయింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ వారి వ్యాక్స్ యంత్రాలు మార్కెట్టును తినేస్తుంటే, రోచెస్టర్ ఇంజినీర్లు తమ రెండు యంత్రాలనైనా కలుపుతామని పట్టుబట్టారు. ఊళ్లోని చెరువు పేరే ఆ పనికి రహస్య నామం అయింది: సిల్వర్‌లేక్.

1988 జూన్ 21న ఏఎస్/400 లోకానికి తెలిసింది. అదే రోజున దాని మీద నడిచే వెయ్యికి పైగా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను కూడా ప్రకటించారు. యంత్రం కన్నా ముందే పనులు సిద్ధమన్నమాట. 1990లో రోచెస్టర్ విభాగానికి నాణ్యతకు ఇచ్చే జాతీయ పురస్కారం మాల్కమ్ బాల్డ్రిజ్ అవార్డు దక్కింది. ఇదంతా ఒకప్పటి కొత్తదనం. అసలు విశేషం పెట్టె లోపల ఉంది.

అటక లేని ఇల్లు

మామూలు కంప్యూటరులో రెండు చోట్లు ఉంటాయి. పని చేసేటప్పుడు వాడే మెమరీ వంటగది గట్టు లాంటిది, చేతికి దగ్గర. డిస్కు అటక లాంటిది, చోటెక్కువ, దూరమూ ఎక్కువే. ప్రోగ్రాము రాసేవాడు ఏది గట్టు మీద ఉందో, ఏది అటక మీద ఉందో గుర్తుపెట్టుకోవాలి. కావలసినదాన్ని దించాలి, పనయ్యాక మళ్లీ ఎక్కించాలి.

ఫ్రాంక్ సోల్టిస్ అనే ఇంజినీరు ఆలోచనలతో సిస్టమ్/38లో ఈ తేడానే ఎత్తేశారు. యంత్రంలోని ప్రతి వస్తువుకూ ఒకే ఒక చిరునామా. అది ఇప్పుడు మెమరీలో ఉందా, డిస్కులో ఉందా అన్నది ప్రోగ్రాముకు అనవసరం. పేరు పిలిస్తే వస్తుంది. మోసుకొచ్చే పని నిర్వహణ వ్యవస్థది. దీన్ని సింగిల్ లెవెల్ స్టోర్ అంటారు.

ఆ ఇంట్లో ఇంకో కట్టడి కూడా ఉంది. ప్రతి వస్తువుకూ ఒక జాతి ఉంటుంది. ఇది ప్రోగ్రాము, ఇది ఫైలు, ఇది వాడుకరి ఖాతా అని పుట్టుకతోనే ముద్ర పడుతుంది. ఆ జాతికి తగిన పనులే దానితో చేయగలం. ఆవకాయ జాడీలో చెయ్యి పెడితే ఆవకాయే రావాలి గానీ అగ్గిపెట్టె రాకూడదు. మామూలు కంప్యూటర్లలో వైరస్‌లు చేసే మాయలో ఒక పెద్ద భాగం, డేటా వేషంలో లోపలికి దూరి ప్రోగ్రాములా లేచి నడవడమే. ఇక్కడ డేటా అన్న ముద్ర పడ్డ వస్తువును ప్రోగ్రాముగా నడపమంటే యంత్రం ఒప్పుకోదు. చిరునామాలను ఎవరూ దొంగచాటుగా తయారు చేయకుండా, వాటి పక్కన హార్డ్‌వేరే ఒక రహస్యపు గుర్తు బిట్టు పెడుతుంది. డేటాబేసునైతే విడిగా కొని పెట్టుకోనక్కరలేదు, నిర్వహణ వ్యవస్థలోనే అల్లేశారు.

నిద్రలో గుండె మార్పిడి

అన్నిటికన్నా ముందుచూపున్న ఆలోచన ఇంకొకటుంది. మామూలుగా ఒక ప్రోగ్రామును కంపైల్ చేస్తే ఒక నిర్దిష్ట ప్రాసెసరు భాషలోకి మారుతుంది. ప్రాసెసరు మారిస్తే ప్రోగ్రాము మూగపోతుంది. రోచెస్టర్ వాళ్లు మధ్యలో ఒక ఊహాయంత్రాన్ని నిలబెట్టారు. ప్రోగ్రాములన్నీ ఆ ఊహాయంత్రంతోనే మాట్లాడతాయి. ఊహాయంత్రం మాటలను అడుగునున్న అసలు ప్రాసెసరుకు అర్థమయ్యేలా వ్యవస్థే అనువదిస్తుంది. జావా భాష 1995లో పెద్ద ఎత్తున ప్రచారం చేసిన ఊహాయంత్రం ఆలోచనకు ఇది అన్న వరస.

ఆ 1995లోనే దీనికి పరీక్ష వచ్చింది. అప్పటిదాకా ఏఎస్/400లో 48 బిట్ల చిరునామాల పాత తరహా ప్రాసెసరు ఉండేది. దాన్ని తీసేసి పవర్‌పీసీ కుటుంబానికి చెందిన 64 బిట్ల ప్రాసెసరును పెట్టారు. మన బల్లల మీది పీసీల్లోకి 64 బిట్ల ప్రాసెసర్లు రావడం 2003లో మొదలైంది. ప్రాసెసరు మొత్తం మారాక పాత ప్రోగ్రాములు ఏమయ్యాయి? టేపు మీద దాచుకుని కొత్త యంత్రంలోకి ఎక్కించారు. ప్రతి ప్రోగ్రాములోనూ ఊహాయంత్రపు మాటలు భద్రంగా దాగి ఉండటంతో, వ్యవస్థ వాటిని చదివి కొత్త ప్రాసెసరుకు తగ్గట్టు తిరిగి అనువదించుకుంది. డిస్కులో చోటు కలిసొస్తుందని ఆ దాచిన భాగాన్ని చెరిపేసుకున్నవాళ్లు మాత్రం ఇరుక్కుని, మూల ప్రతులు వెతుక్కోవాల్సి వచ్చింది. మిగతావాళ్ల సంగతి? శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్లిన గుమాస్తా సోమవారం వచ్చి 3 నొక్కి ఎంటర్ కొడితే అదే ఆకుపచ్చ తెర వచ్చింది. గుండె మారిన సంగతి రోగికి తెలియదు.

ఈ యంత్రం చెడ్డపేరుకు మూలం సరిగ్గా ఇక్కడే ఉంది. మిగతా లోకంలో ప్రాసెసరో నిర్వహణ వ్యవస్థో మారినప్పుడు పాత ప్రోగ్రాములు తరచూ విరిగిపోయేవి. కాబట్టి కొత్తవి రాయక తప్పేది కాదు, ఆ పనిలో పనిగా తెరలూ కొత్తవయ్యేవి. ఏఎస్/400 మీద దాదాపు ఏదీ విరగలేదు. విరగనిదాన్ని బాగు చేయించడానికి ఏ యజమానీ డబ్బు పెట్టడు. అలా 1988 నాటి తెరలు 2020ల దాకా నడిచాయి. మాట నిలబెట్టుకున్నందుకే ఆ యంత్రానికి ముసలి ముద్ర పడింది.

ఆకుపచ్చ తెర నేరమేమిటి?

ఆ తెర పుట్టింది 1977లో, సిస్టమ్/34తో పాటు వచ్చిన 5250 టెర్మినళ్ల కుటుంబంలో. 24 వరసలు, వరసకు 80 గళ్లు. మొత్తం 1,920 గళ్లు, గడికొక్క అక్షరం. ఆ 80 అన్న లెక్క 1928 నాటి పంచ్ కార్డు నుంచి వచ్చింది.

చాలామందికి తెలియనిది దాని పని తీరు. మీరు కొట్టే ప్రతి అక్షరమూ పెద్ద యంత్రానికి వెళ్లదు. తెర మీద ఖాళీ గళ్లున్న ఒక ఫారం వస్తుంది. దాన్ని మీ దగ్గరే నింపుకుంటారు, దిద్దుకుంటారు. ఎంటర్ కొట్టినప్పుడే నింపిన ఫారం కిటికీలో ఇచ్చినట్టు అంతా కట్టగట్టుకుని ఒకేసారి వెళుతుంది. రైల్వే రిజర్వేషన్ ఫారం ఇచ్చే పద్ధతే ఇది. ఇప్పుడు వెబ్ పేజీలో వివరాలు నింపి సబ్‌మిట్ నొక్కేటప్పుడు మనం చేసేదీ ఇంచుమించు అదే. ఒక్క టెర్మినల్ తీగ మీద ఎందరో పనిచేసే రోజుల్లో ఇది గొప్ప పొదుపు.

అలాగని ఆ తెరకు లోటే లేదనలేం. ఎఫ్3 కొడితే బయటికి, ఎఫ్12 కొడితే ఒక మెట్టు వెనక్కి అని నేర్చుకున్నవాళ్లకు అది వీణ మెట్ల లాంటిది. నేర్చుకోనివాళ్లకు చీకటి గది. ఆజ్ఞలు మరీనూ. నడుస్తున్న పనులు చూడాలంటే 'డబ్ల్యూ ఆర్ కె ఏ సి టి జె ఓ బి' అని కొట్టాలి. వర్క్, యాక్టివ్, జాబ్ అన్న మూడు మాటల్లో మొదటి రెండిటినీ మూడేసి అక్షరాలకు కుదించి ఒకచోట గుదిగుచ్చితే వచ్చింది అది. గుణింతాలు చాలావరకు చెరిపేసి హల్లులతో పేరు రాసినట్టుంటుంది. ఒకసారి సూత్రం పట్టుబడితే వందల ఆజ్ఞలను ఊహించి కొట్టవచ్చు. కానీ ఆ ఒక్కసారి దాకా ఎవరు ఆగుతారు?

తెలుగువాడిగా నాకు తట్టే లోటు ఇంకొకటి. గడికొక అక్షరం, ప్రతి గడీ ఒకే వెడల్పు అన్న లెక్క ఇంగ్లీషుకు చెల్లింది. 'లక్ష్మి' అన్న పేరును ఆ గళ్లలో పెట్టి చూడండి. 'క్ష్మి' ఎన్ని గళ్లు తీసుకోవాలి? ఒత్తు ఏ గడిలో? 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. ఈ యంత్రపు డేటాబేసు కూడా యూనికోడ్‌ను భద్రంగా దాచుకోగలదు. డేటా తెలుగును మోయగలదు, తెర మోయలేదు. అంటే తెర మార్చడం అందం కోసమే కాదు, కొన్ని భాషలకు అది ప్రవేశద్వారం.

ఆరు బారసాలలు

పాత ముద్ర పోగొట్టడానికి కంపెనీ మొదట ఎంచుకున్న దారి పేరు మార్చడం. 1997లో ఇంటర్నెట్ గాలికి తగ్గట్టు చివర 'ఈ' తగిలించి ఏఎస్/400ఈ అన్నారు. 2000లో ఐసిరీస్. 2004లో ఐ5. 2006లో సిస్టమ్ ఐ. 2008లో హార్డ్‌వేరును యూనిక్స్ యంత్రాలతో కలిపి పవర్ సిస్టమ్స్ అని, నిర్వహణ వ్యవస్థకు ఐబీఎం ఐ అని పేరు పెట్టారు. మొదటి పేరుతో కలిపి ఇరవై ఏళ్లలో ఆరు.

ఇంటి పేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని మన సామెత. ఇక్కడ కథ తిరగబడింది. ఇంట్లో కస్తూరి ఉంది, ఇంటి పేరే కుదరలేదు. కొత్త పేరు కొనేవాడి నాలుకకు అలవాటయ్యేలోపు ఇంకో పేరు వచ్చేది. చివరికి మిగిలిన 'ఐ' ఒకే ఒక్క అచ్చు. ఇంటర్నెట్‌లో వెతకాలంటే ఒంటరి అక్షరాన్ని ఎలా వెతుకుతాం?

ఈ మొండి పాతపేరులో తెలుగువాళ్ల వాటా కూడా కొంత ఉంది. 1990ల చివర వైటూకే పుణ్యమా అని హైదరాబాదు అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేము కోర్సుల పక్కనే ఏఎస్/400 కోర్సుల బోర్డులూ వెలిశాయి. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములను దిద్దడానికి మనుషులు కావలసి వచ్చిన కాలమది. వేల మంది తెలుగు యువకులు అప్పుడు నేర్చుకున్న విద్య పట్టుకుని విమానం ఎక్కారు. వాళ్లకు యాభై దాటుతున్న ఈ రోజుల్లో కూడా ఏం చేస్తుంటావని అడిగితే 'ఏఎస్ ఫోర్ హండ్రెడ్' అనే అంటారు. ఉద్యోగ ప్రకటనల్లోనూ ఆ పేరే కనిపిస్తుంది. మద్రాసు 1996లో చెన్నై అయినా మన పెద్దవాళ్ల నోట ఇంకా మద్రాసే కదా. పేరు మారిస్తే బోర్డు మారుతుంది, అంతే.

కార్డు గళ్లలోంచి బయటపడ్డ భాష

ముద్ర పోవాలంటే పేరు కన్నా ముందు మారాల్సింది, ఆ యంత్రం మీద రోజూ పనిచేసేవాడి చేతిలోని పనిముట్టు. ఆ పనిముట్టు ఆర్‌పీజీ అనే భాష. 1959లో ఐబీఎం 1401 యంత్రం కోసం పుట్టింది. అంతకుముందు కార్డులు చదివి పట్టికలు అచ్చువేసే యంత్రాలుండేవి. ఒక కార్డు చదువు, లెక్క వెయ్యి, ఒక వరస అచ్చు వెయ్యి, మళ్లీ మొదటికి రా. ఆ చక్రాన్నే భాషలోకి దించారు. చక్రం తిప్పమని ప్రోగ్రామరు రాయనక్కరలేదు, అదే తిరుగుతుంది.

రాసే పద్ధతి మాత్రం కార్డు లాగే గళ్ల లెక్క. 6వ గడిలో ఒక అక్షరం ఉండాలి. అది 'సి' అయితే ఆ వరస లెక్క చేసేది, 'ఎఫ్' అయితే ఫైలును పరిచయం చేసేది. ఆజ్ఞకు కొన్ని గళ్లు, ఫలితానికి కొన్ని గళ్లు. ఒక అక్షరం పక్క గడిలోకి జరిగితే అర్థమే మారిపోతుంది. నిజం, అబద్ధం గుర్తుపెట్టుకోవడానికి 01 నుంచి 99 దాకా నంబర్లున్న సూచికలు. 47వ సూచిక వెలిగితే ఏమిటో రాసినవాడికి తప్ప తెలియదు. అతను రిటైరయ్యాక ఎవరికీ తెలియదు.

ఈ సంకెళ్లు ఒక్కొక్కటే తెగాయి. 1994లో ఆర్‌పీజీ 4 వచ్చింది. 2001లో లెక్కల వరసలకు గళ్ల కట్టడి పోయింది, 2013లో పరిచయ వరసలకు కూడా. ఆ తరవాత 80 గళ్ల హద్దు కూడా చెరిగిపోయింది. ఇప్పుడు రాసే ఆర్‌పీజీలో నిల్వ కనీస నిల్వ కన్నా తక్కువైతే ఆర్డరు పెట్టు అన్న మాటను ఇంచుమించు చదువుకునేలాగే రాయవచ్చు. జావాస్క్రిప్టు వచ్చిన కుర్రాడు చూసి బెదిరిపోడు.

అయినా ఆ పాత భాషను పూర్తిగా పారేయకపోవడానికి ఒక గట్టి కారణం ఉంది. మామూలు కంప్యూటరు దశాంశాలను ద్విసంఖ్యల్లో రాసుకుంటుంది. మూడో వంతును మనం 0.333 అని ఎంత దూరం రాసినా తెగనట్టే, ద్విసంఖ్యల్లో 0.1 తెగదు. అలాంటి 0.1ను పదిసార్లు కూడితే ఒకటికి వెంట్రుకవాసి తక్కువ వస్తుంది. పది పైసలు పదిసార్లు వేస్తే రూపాయి కాకపోతే ఏ గుమాస్తా ఒప్పుకుంటాడు? ఆర్‌పీజీ డబ్బును ప్యాక్డ్ డెసిమల్‌లో దాస్తుంది. అంకెకు సగం బైటు చొప్పున, చివరి సగంలో ధనమా ఋణమా చెప్పే గుర్తు. 12,345.67 అన్న మొత్తం 12, 34, 56, 7ఎఫ్ అని నాలుగు బైట్లలో కూర్చుంటుంది. మనం కాగితం మీద వేసినట్టే పది లెక్కన కూడుతుంది. పైసా పోదు. ఇతర భాషల్లోనూ దీనికి ఉపాయాలున్నాయి గానీ, అక్కడ గుర్తుపెట్టుకుని వాడాలి. ఇక్కడ మరిచిపోయినా అదే జరుగుతుంది.

రంగు వేయడం, కిటికీ పెట్టడం, గోడ కదపడం

ఆధునికీకరణ అన్న మాట కింద మూడు వేరు వేరు పనులు జరుగుతాయి. మొదటిది తెరకు రంగు వేయడం. ఆకుపచ్చ తెరకు వెళ్లే సమాచారాన్ని మధ్యలో పట్టుకుని, ఏ గడిలో ఏముందో చూసి, దాన్ని వెబ్ పేజీగా మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఎఫ్3 ఒక మీట అవుతుంది. వారాల్లో ముఖం మారుతుంది. కానీ ఇది జుట్టుకు రంగు లాంటిది. పేరుకు 30 గళ్లే ఇచ్చిన పాత ఫారం, రంగు వేసినా 30 గళ్లదే.

రెండోది కిటికీ పెట్టడం. పాత ప్రోగ్రాములోని లెక్కను బయటి ప్రపంచం పిలిచేలా ఏపీఐగా తెరుస్తారు. మొబైల్ యాప్ సరుకు ఉందా అని అడిగితే జవాబిచ్చేది ముప్ఫై ఏళ్ల నాటి ఆర్‌పీజీయే, అడిగినవాడికి తెలియదు. డేటాబేసులోనూ ఇలాంటి సులువే ఉంది. పాత ఫైళ్లలో పేర్లు ఆరేసి అక్షరాల పొడి పేర్లు. వాటి మీద నిండు పేర్లతో ఒక వ్యూ పరిస్తే, కొత్తవాళ్లు చదువుకోగలిగే పేర్లతో పనిచేస్తారు, పాత ప్రోగ్రాములు పాత పేర్లతోనే నడుస్తాయి. ఎవరి మీదా చెయ్యి పడదు.

మూడోది గోడలు కదపడం. తెరా లెక్కా కలిసిపోయిన పెద్ద ప్రోగ్రామును విడదీసి, లెక్కను చిన్న చిన్న భాగాలుగా తిరగరాయడం. ఖరీదైన పని, భయపెట్టే పని. 47వ సూచిక వెలిగితే ఏమవుతుందో కనుక్కోవాల్సింది ఇక్కడే. తొందరపడి అంతా పీకి కొత్త వ్యవస్థ పెడదామనుకునేవాళ్లు, ముప్ఫై ఏళ్ల వ్యాపార నియమాలు ఆ వరసల్లో తప్ప మరెక్కడా రాసిలేవని సగం దారిలో తెలుసుకుంటారు.

ఈ మూడింటికీ కొత్త చేతులు కావాలి. అందుకే నా లెక్కలో యంత్రపు ముద్రను నిజంగా కదిపింది పేర్లు పెట్టిన ప్రచార విభాగం కాదు, పనిముట్లు మార్చినవాళ్లు. ఆర్‌పీజీ రాయడానికి ఏళ్ల తరబడి వాడిన ఆకుపచ్చ ఎడిటరు కొత్త వాక్యనిర్మాణాన్ని గుర్తుపట్టడం 2008 నాటి స్థాయి దగ్గరే మానేసింది. దాని స్థానంలో, లోకమంతా వాడే విజువల్ స్టూడియో కోడ్‌లోకి ఈ యంత్రాన్ని తెచ్చే పొడిగింపును ఓపెన్ సోర్స్ పద్ధతిలో తయారు చేశారు. ప్రోగ్రాముల్లో చేసిన మార్పులను గుర్తుపెట్టుకునే గిట్ వచ్చింది. పైథాన్, నోడ్ జేఎస్ లాంటివి ఆ యంత్రం మీదే నడుస్తున్నాయి. వందల ఆజ్ఞల వెనక దాగిన సమాచారాన్ని మామూలు ఎస్‌క్యూఎల్ ప్రశ్నతో అడగవచ్చు. 7.6లో ఒక్క పాస్‌వర్డుతో సరిపెట్టకుండా రెండో ఆధారం అడిగే లాగిన్‌ను వ్యవస్థలోనే కలిపారు. కాలేజీ వదిలిన కుర్రాడు తనకు తెలిసిన కిటికీలో కూర్చుని పనిచేయగలిగిన రోజున, ఆ యంత్రం అతని దృష్టిలో మ్యూజియం వస్తువు కాకుండా పోతుంది.

పనసపండును తొక్క చూసి తూచేవాడికి తొన దక్కదు. తొక్క ఒలవడానికి చేతికి నూనె రాసుకోవాలి, అదీ తెలియాలి. ఇంతకాలం రోచెస్టర్ పండు పండించింది, చేతికి నూనె ఇవ్వడం మరిచింది.

మన గోదాముకు తిరిగి వద్దాం. ఆ కుర్రాడు ఇప్పుడు మేడ మీద గదిలో కూర్చుని, రంగురంగుల తెర మీద ఒక ప్రోగ్రాము తెరిచాడు. 47వ సూచికను చెరిపి, దాని చోట 'సరుకు నిండుకుంది' అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. పరీక్షించి లోపలికి ఎక్కించాడు. కింద కౌంటరులో ఫోను మోగింది. ఆమె 3 కొట్టి ఎంటర్ నొక్కింది. తెర ఎప్పటిలాగే వచ్చింది.

ఆమెకు తేడా తెలియలేదు. కుర్రాడు తన పని సరిగా చేశాడనడానికి అదే గుర్తు.